ఖాళీ బండ బరువు

మొన్న మంగళవారం గ్యాస్ సిలిండర్ తెచ్చినతను కొత్తవాడు. మెట్లెక్కి వచ్చి వరండాలో దించి, ఫోన్‌కు వచ్చిన కోడ్ చెప్పమన్నాడు. చెప్పాను. ఖాళీ సిలిండర్ భుజాన వేసుకుని వెళ్లబోతుంటే, ఇన్నాళ్లూ వచ్చిన ఆయన ఏమయ్యాడని అడిగాను.

"గా పెద్దమనిషా? పోయిండు సార్. మూడు నెలలాయె."

"ఎట్ల?"

"గుండె. గోదాంల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు." రెండు మెట్లు దిగి ఆగాడు. "మీకెర్క లేదా?"

నాకు తెలియదు. ఒక్కడికి ఒక సిలిండర్ నాలుగు నెలలు వస్తుంది. అతను పోయిన రోజున కూడా నేను అతను తెచ్చిన గ్యాస్ మీదే చాయ పెట్టుకుని ఉంటాను.

తూకం వెయ్యవా అని అడిగాను.

"కాంట కింద బండిల ఉన్నది సార్. ఎవ్వరడుగుత లేరని పైకి తెస్తలేను. తెమ్మంటరా?"

వద్దన్నాను.

పోయినతను పొట్టి మనిషి. సిలిండర్‌ను ఎప్పుడూ కింద పడేసేవాడు కాదు. అడుగు అంచు మీద కొంచెం వాల్చి, పై కడియాన్ని వేళ్లతో తిప్పుతూ దొర్లించుకుంటూ వచ్చేవాడు. సందు మొదట్లోనే పానాతో సిలిండర్ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. తలుపు తీసి ఉన్నా కొట్టేవాడు, మనం ఎదురుగా నిలబడి ఉన్నా కొట్టేవాడు. మెట్ల దగ్గర తువ్వాలను చుట్టగా చేసి భుజం మీద పెట్టుకుని, దాని మీద సిలిండర్ ఎత్తుకుని పైకి వచ్చేవాడు. దించాక చుట్ట విప్పి ముఖం తుడుచుకునేవాడు. మాట ఆ తర్వాతే మొదలయ్యేది.

మా సందులో ప్రతి ఇంటి సంగతీ అతనికి రోజుల లెక్కన తెలుసు. "గా మూలింటోళ్లకు పోయినసారి నలభై దినాలొచ్చింది, ఈసారి ఇరవై ఆరే. బిడ్డ పురుటికొచ్చినట్టుంది" అనేవాడు. వచ్చి ఉండేది. ఇలాంటివి నా భార్యకు చెప్పేవాడు, నాకు కాదు. నాతో అతనికి చాలా ఏళ్లు మాటలే లేవు. నేను కుర్చీలో పుస్తకం పట్టుకుని ఉండేవాణ్ని. తూకం వాళ్లిద్దరి వ్యవహారం.

నిండు సిలిండర్‌లో గ్యాస్ పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాములు ఉండాలి. ఖాళీ సిలిండర్ బరువెంతో దాని మెడ చుట్టూ నిలబెట్టిన రేకుల్లో ఒకదాని మీద అచ్చు కొట్టి ఉంటుంది. ఒక్కో సిలిండర్‌ది ఒక్కో బరువు. కాంటా మీద వచ్చినదానిలోంచి ఆ అంకె తీసేస్తే లోపల గ్యాస్ ఎంతుందో తెలుస్తుంది. ఇంటివాళ్లు అడిగితే తూచి చూపించాలి. అడిగేవాళ్లు తక్కువ. అతను అడగకుండానే తూచేవాడు.

మా వరండాలో ఊయల కోసం వేయించిన కొక్కెం ఒకటి ఉంది. ఊయల కట్టే అవసరం మాకు రాలేదు. ఆ కొక్కేనికి గొలుసు వేసి, గొలుసుకు స్ప్రింగు కాంటా తగిలించి, సిలిండర్‌ను నేల నుంచి జానెడు పైకి లేపి దానికి వేలాడదీసేవాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకునేవాడు. మూడు అంకెలూ ఇంటివాళ్లే చదవాలి. కాంటా మీది అంకె, రేకు మీది అంకె, రెంటి మధ్య తేడా. చదువు వచ్చిన మనిషే, కానీ ఒక్క అంకె కూడా తన నోటితో చెప్పేవాడు కాదు.

"నేను చెప్తే నా లెక్కయితదక్కా. మీరు చెప్తే మీ లెక్క."

"ముల్లు ఊగుతుంటెనే సదువుమంటవేంది తమ్మీ? ఉరికేటట్టున్నవు."

"ముల్లు ఆగినంకనే నా కాలు కదుల్తది. రేపటిదాక చూడుండ్రి, నాకేమున్నది."

"రేపటిదాక చూస్త. మా సారుకు అన్నం మీ ఇంటికాన్నుంచి పంపిస్తవా?"

"పంపిస్త. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. సారు తింటడా అడుగుండ్రి."

సారు పుస్తకంలోంచి తల ఎత్తేవాడు కాదు. ఆమె చదివేది: "ఇరవై తొమ్మిదీ ఐదు. పదిహేనూ మూడు. పద్నాలుగూ రెండు." అతను "బరోబర్" అనేవాడు. బరోబర్ కాదు, బరాబర్ అనాలని ఆమె వెక్కిరించేది. "మాది ఆదిలాబాద్ దిక్కక్కా. మేం గిట్లనే అంటం. అయినా బరువు గదే గదా" అనేవాడు. ఇది పన్నెండేళ్లు నడిచింది. ఒక్కసారి కూడా వంద గ్రాములు తేడా రాలేదు.

ఆమె పోయాక మొదటి సిలిండర్ నెల దాటి వచ్చింది. రెండు దెబ్బలు వినపడ్డాయి. అతను పైకి వచ్చి, దించి, ముఖం తుడుచుకుని లోపలికి చూశాడు.

"అక్కేది?"

చెప్పాను. అతను అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. తువ్వాల మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. చాలాసేపటికి, "కాంట వెయ్యాల్నా సార్?" అన్నాడు.

"వెయ్యి."

ఆ రోజు మొదటిసారి నేను చదివాను. కాంటా మీద ఇరవై తొమ్మిదీ మూడు. రేకు మీద పదహారూ ఒకటి. తేడా పదమూడూ రెండు. కిలో తక్కువ.

"ఇంకోపారి చూడుండ్రి సార్."

చూశాను. పదహారే.

"రంగు మీద రంగేసి ముద్దలు గట్టింది. అది ఐదు గావచ్చు."

"నాకు కండ్లు కనవడ్తయి" అన్నాను.

అతను వంగి చూశాడు. పెదవులు కదిలాయి. నోటిదాకా వచ్చిన అంకెను ఆపుకుని లేచి నిలబడ్డాడు.

పన్నెండేళ్లు ఆమె చదివినప్పుడు తక్కువ రాలేదు. ఆమె పోయిన నెలకే కిలో తక్కువ. ఆమె లేదని తెలిసే చేశారనుకున్నాను. ఆమె లేదన్న సంగతి అతనికి సిలిండర్ దించాకనే, అదీ నేను చెబితేనే తెలిసిందన్నది నాకు తట్టలేదు. అతను దిగి వెళ్లగానే ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. తెచ్చిన మనిషి పేరు అడిగారు. పన్నెండేళ్లలో పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. సందు పేరు చెప్పాను. అది సరిపోయింది.

మూడో రోజు ఏజెన్సీ మేనేజరు అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మర్యాద గల మనిషి. "గీ బండ వాపస్ తీస్కపోతం సార్, వేరేది ఇస్తం. ఇంతటితోని ఒడ్వగొడుదాం" అన్నాడు.

"వద్దు సార్" అన్నాడు అతను. మేనేజరు వైపు కాదు, నా వైపు చూసి అన్నాడు. "గిది గోదాంకు పోతే రేప్పొద్దున ప్లాంటు లారీ ఎక్కుతది. మల్ల దొరకది. నేను దొంగనో కాదో ఎవ్వలకు తెల్వకుంటనే పోతది. మీ ఇంట్లనే ఒడువనియ్యుండ్రి. ఒడిసినంక ఖాళీది కాంట వేద్దాం. పదహారొస్తే నేను దొంగ. పదిహేనొస్తే మీరు కాయిదం మీద సంతకం పెట్టుండ్రి. గంతే."

"రంగు గీకితే ఇప్పుడే తెలుస్తది గదా?"

"గీకద్దు సార్. గీకితే, అంకె మార్చిండంటరు. ఎవ్వలం ముట్టద్దు."

మేనేజరు సరేనన్నాడు. తేలేదాకా అతన్ని ఇళ్లకు పంపేది లేదని, గోదాంలో లోడింగులో ఉంటాడని చెప్పాడు. అది న్యాయంగానే ఉందనుకున్నాను. అతను వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "ఇద్దరికి యాభై దినాలొచ్చేది..." అని, నన్ను చూసి ఆపేశాడు.

ఆ ఆదివారమే మళ్లీ వచ్చాడు. గోదాంకు సెలవు. చేతిలో సిలిండర్ లేదు కాబట్టి ఎలా పిలవాలో తెలియక కొంతసేపు కింద నిలబడ్డాడట. సందు మూల కిరాణా దుకాణంలోంచి ఎవరో గట్టిగా అనడం నాకు వినపడింది: "ఏం కిలో, సారు దగ్గరికేనా?"

అతను మెట్లెక్కాడు. మూడు రోజుల్లో సందు అతనికి ఆ పేరు పెట్టేసింది.

వంటింట్లోకి వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "మూత గూడ తియ్యలేదేంది సార్!"

సిలిండర్ మార్చడం నాకు రాదు. బజారులో ఒక మెస్ నుంచి క్యారేజీ తెప్పించుకుంటున్నాను. ఆ సంగతి చెప్పాను.

"మెస్సు కూడు తింటుంటే నా పేరెప్పటికి తేలాలె సార్?"

రెగ్యులేటర్ పెట్టి చూపించాడు. సబ్బు నురుగు రాసి బుడగలు రావడంలేదని నా చేతనే చెప్పించాడు. కందిపప్పు ఎక్కడుందో నాకంటే ముందు కనుక్కున్నాడు. ఆ రోజు ఇద్దరం పప్పు వండాం. నేను తిన్నాను, అతను చాయ తాగాడు.

తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. రాగానే తడిగుడ్డతో సిలిండర్‌ను పైనుంచి కిందికి ఒక్క చార తుడిచేవాడు. గ్యాస్ లేని మేర తడి తొందరగా ఆరిపోతుంది. ఉన్న మేర ఆలస్యంగా ఆరుతుంది. ఆ రెండూ కలిసే చోట సుద్దముక్కతో గీత గీసేవాడు. ఒక వారం గీతకూ తర్వాతి వారం గీతకూ మధ్య బెత్తెడు దూరం వస్తే సంతోషించేవాడు.

ఉత్తగా మంట పెట్టి వదిలేద్దామని ఒకసారి నేనే అన్నాను. కోపం వచ్చింది. "మోసినోనికి తెలుస్తది సార్ అదెంత బరువో. ఉత్తగ మండవెడ్తరా? వండుకొని తినుండ్రి. శెనగలు ఉడకవెట్టుండ్రి, గంటైతది. బబ్బెర్లు ఉడకవెట్టుండ్రి. నీళ్లు కాగవెట్టుకొని తానం చెయ్యుండ్రి."

"ఎండకాలంల వేడినీళ్లా?"

"నా కోసం చెయ్యుండ్రి."

చేశాను. వేసవిలో వేడినీళ్ల స్నానం చేసి చెమట పట్టి కూర్చుంటే, అతను నన్ను చూసి నవ్వాపుకోలేకపోయాడు. "అక్క చూస్తే ఇద్దర్ని తిడ్తుండె" అన్నాడు. ఆమె పోయాక ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

తూకం మీద అంత పట్టింపు ఎందుకని ఆ రోజే అడిగాను.

"చిన్నప్పుడు మా బాపు ఎన్క పత్తి అమ్మనీకి పోయేటోన్ని. కాంట ముల్లు షావుకారి దిక్కుండేది. మా బాపు ఇవతల దిక్కు నిలవడేటోడు. షావుకారి ఎంతంటే గంతకు తలకాయ ఊపేటోడు. అది మోసమో కాదో నాకియ్యాల్టికీ ఎర్క లేదు సార్. మోసమైతే తిట్టుకొని ఊకుందుము. ఎర్క లేకపోవుడే పెద్ద బాధ."

గోదాం గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. లారీ మీదికి ఎక్కించడం, దించడం. "ఆడ బండలే సార్. మాట్లాడనీకి మనుషులుండరు" అని ఒకసారి అన్నాడు. కిరాణా దుకాణం దాటేటప్పుడు అతను తల వంచుకోవడం పైనుంచి చూసేవాణ్ని. దుకాణంవాడు ఏదో అనేవాడు. ఒక ఆదివారం మాత్రం, "మా ఇంటామెకు గూడ ఎవలో చెప్పిండ్రు. అవునా అని అడిగింది. తను గూడ అడిగింది సార్" అన్నాడు. ఆ రోజు పప్పు మాడిపోయినా ఇద్దరం గమనించలేదు.

ఏడో వారంలో, ఒక మధ్యాహ్నం, నేను ఆ రంగు గీకాను.

ఏ ఆలోచనతో గీకానో చెప్పలేను. వంటింట్లో నేల తుడుస్తూ సిలిండర్ పక్కకు జరిపాను, రేకు ఎదురుగా వచ్చింది. పాత రూపాయి బిళ్ల అంచుతో మెల్లగా గీకాను. రంగు పొరలు పొరలుగా లేచింది. కింద అచ్చు కొట్టిన అంకె శుభ్రంగా ఉంది. పదిహేనూ ఒకటి. ఐదు అంకె కింది వంపు రంగుతో మూసుకుపోయి ఆరులా కనిపించింది. ఇరవై తొమ్మిదీ మూడులోంచి పదిహేనూ ఒకటి తీసేస్తే పద్నాలుగూ రెండు.

అతని ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఎలాగూ ఆదివారం వస్తాడు, అప్పుడే చెబుదామనుకున్నాను. ఆదివారం వచ్చాడు. తడిగుడ్డ వేశాడు, సుద్దగీత గీశాడు, గోధుమపిండి ఎంత నీళ్లతో కలపాలో చూపించాడు. నేను చెప్పలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా చెప్పలేదు. చెబితే అతను మేనేజరు దగ్గరికి పోతాడు, తన పని తనకు వస్తుంది, మా ఇంటికి రావలసిన అవసరం ఉండదు. ఇంతకంటే మంచి కారణం కోసం తర్వాత చాలాసార్లు వెతికాను. దొరకలేదు.

అంతటితో ఆగలేదు. మళ్లీ మెస్ క్యారేజీ తెప్పించడం మొదలుపెట్టాను, శనివారం సాయంత్రం గిన్నెలు కడిగి దాచేసేవాణ్ని. సుద్దగీతలు దగ్గరకు వచ్చాయి. వేలెడు. తర్వాత అర వేలెడు. అతను గీతల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఈ వారం ఏం వండలేదా సార్?"

"ఒంట్ల బాగ లేదు" అన్నాను.

అతను లేచి నా ముఖంలోకి చూశాడు. ఆ రోజు ఎక్కువసేపు ఉండలేదు. బుధవారం, గోదాం పని అయ్యాక, చీకటి పడకముందే వచ్చాడు. చేతిలో గుడ్డలో కట్టిన స్టీలు డబ్బా.

"మా ఇంటామె పంపింది. జొన్నరొట్టె, మెంతికూర. ఒంట్ల బాగయ్యేదాక పొయ్యి కాడికి పోకుండ్రి. దినాం తెస్త."

"మరి బండ ఒడువద్దా?"

"ఒడుస్తది తియ్యుండ్రి. మనిషి కన్న ఎక్కువనా అది?"

డబ్బా పెట్టి వెళ్లిపోయాడు. ఆ రొట్టె తిన్నాను. చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం లేదు, అతని వెనక మెట్లు దిగి పిలిచి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. మర్నాడు ఉదయం నుంచి వండడం మొదలుపెట్టాను. మూడు పూటలా వండాను, ఎక్కువైంది కింది వాటా వాళ్లకు ఇచ్చాను. ఒంట్లో బాగైందని అతనికి ఫోన్ చేసి చెప్పాను. ఆ ఫోన్‌లో కూడా అసలు మాట చెప్పలేదు. దానంతటదే అయిపోతే నేను చెప్పే పని ఉండదనుకున్నాను.

నాలుగు వారాలకు మంట ఎర్రబడి ఆరిపోయింది.

ఆదివారం అతను కాంటా తెచ్చాడు. కొక్కేనికి గొలుసు వేసి ఖాళీ సిలిండర్‌ను వేలాడదీశాడు. ఖాళీది తేలిక కాబట్టి గిర్రున ఒక చుట్టు తిరిగి, నెమ్మదించి, గీకిన రేకు అతని ముందుకు వచ్చి ఆగింది. నేను గీకిన చోట ఇనుము గోధుమరంగు తుప్పు పట్టి ఉంది. అతను బొటనవేలితో రుద్దాడు. ఇరవై ఏళ్లుగా సిలిండర్లు మోసినవాడు. తుప్పు వయసు తెలుసు.

"గీకి రెండు నెలలైనట్టుంది" అన్నాడు.



అతను రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకున్నాడు. "సదువుండ్రి సార్."

"పదిహేనూ ఒకటి" అని చదివాను. ముల్లు దాని మీదే ఉంది.

బరోబర్ అనలేదు. కాంటా విప్పి గొలుసు చుట్టుకున్నాడు.

మర్నాడు ఇద్దరం ఏజెన్సీకి వెళ్లాం. నేను పొరపాటుగా చదివానని, ఈ మనిషి తప్పేమీ లేదని కాగితం మీద రాశాను. అతని పేరు అడిగి తెలుసుకుని మొదటిసారి రాశాను. ఇక్కడ రాయడం లేదు. రాయడానికి నాకున్న హక్కు ఆ ఒక్క కాగితానికే అనుకుంటున్నాను. మేనేజరు చదివి, తల ఊపి, మామూలుగానే అడిగాడు:

"ఎప్పుడు తేలింది సార్?"

నా నోరు తెరుచుకుంది. మాట రాకముందే పక్కనుంచి అతను అన్నాడు:

"నిన్ననే సార్. కాంట వేసినంకనే తేలింది."

మేనేజరు సొరుగులోంచి ట్రాలీ ఆటో తాళంచెవి తీసి ఇచ్చాడు. అతను రెండు చేతులతో తీసుకున్నాడు. బయటికి వచ్చాం. ఆటో ఎక్కి, అద్దం తుడిచి, బండి కదిలించే ముందు, ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ అన్నాడు:

"చెప్తే రాకపోతుంటినా సార్?"

జవాబు కోసం ఆగలేదు.

తర్వాత మూడేళ్లు అతనే తెచ్చాడు. తొమ్మిదిసార్లో పదిసార్లో. అన్నీ మునుపటిలాగే చేసేవాడు, అంకెలు నా చేతనే చదివించేవాడు, సరిపోయిందనేవాడు. నా ఆరోగ్యం అడిగేవాడు. కిరాణా దుకాణం ముందు తల ఎత్తుకుని నడిచేవాడు. ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోమని నేనూ అనలేకపోయాను.

చివరిసారి వచ్చినప్పుడు ఖాళీ సిలిండర్ భుజాన పెట్టుకుని దిగుతూ సగం మెట్లలో ఆగాడు. ఒక చెయ్యి గోడకు ఆనించి నిలబడ్డాడు. ఎండకు అనుకున్నాను. లోపలికి పిలిచి మంచినీళ్లు ఇవ్వాలనిపించింది. పిలిస్తే, నీళ్ల కోసం కాదని అతనికి తెలిసిపోతుందనిపించింది. తలుపు దగ్గరే నిలబడ్డాను. అతను తల తిప్పలేదు. కాసేపటికి ఊపిరి తీసుకుని మిగతా మెట్లు దిగిపోయాడు.